కౌన్సిల్ అడిగింది... కెండాల్ ఎదిగింది

విశ్వవిద్యాలయం, పరిశ్రమ, నగరపాలన ఒకే పేటలో కలిసి పనిచేస్తే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలో బయోటెక్ ల్యాబులకు పేరొందిన కెండాల్ స్క్వేర్ కథ వినాలి. అందులో మొదటి ఇద్దరి పాత్ర మనకు తెలిసిందే. మూడో పాత్రను మనం ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు.

1976 జూన్ 23 సాయంత్రం. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్ పట్టణం. కెండాల్ ఉన్నది ఈ ఊళ్లోనే. నగర కౌన్సిల్ హాలు కిక్కిరిసిపోయింది. టీవీ కెమెరాలు వచ్చాయి. ఒకవైపు హార్వర్డ్, ఎంఐటీల శాస్త్రవేత్తలు, మరోవైపు చుట్టుపక్కల వీధుల జనం. చర్చ మురుగుకాల్వ గురించో, వీధిదీపాల గురించో కాదు. ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను కత్తిరించి మరో జీవి డీఎన్‌ఏలో అతికించే పరిశోధన గురించి. అందుకోసం హార్వర్డ్ ప్రత్యేక రక్షణలున్న ల్యాబ్ ఒకటి సిద్ధం చేయబోతోంది. అందులోంచి ఏదైనా సూక్ష్మజీవి బయటపడితే ఊరి గతేమిటని మేయర్ ఆల్ఫ్రెడ్ వెలూచీ నిలదీశారు.

వెలూచీకి హార్వర్డ్‌తో పాత పేచీలున్నాయి. ఆ విశ్వవిద్యాలయం నడిబొడ్డున ఉన్న పచ్చిక ప్రాంగణాన్ని కార్ల పార్కింగ్‌కు ఇచ్చేయాలని ఒకప్పుడు ప్రతిపాదించిన మనిషాయన. ఇదీ ఆయన మార్కు హడావుడేనని చాలామంది కొట్టిపారేశారు. కానీ ఆ సభలో శాస్త్రవేత్తలే రెండుగా చీలిపోయారు. హార్వర్డ్‌కే చెందిన మార్క్ టాష్నీ పరిశోధన సాగాలన్నారు. అదే హార్వర్డ్‌లో పనిచేసే రూత్ హబ్బర్డ్, ఆమె భర్త, నోబెల్ గ్రహీత జార్జ్ వాల్డ్ ఆగమన్నారు. నిపుణులే తేల్చుకోలేని విషయాన్ని నిపుణులకే వదిలేయడం ఎలా? కౌన్సిల్‌కు ఎదురైన చిక్కు ఇదే.

జులైలో కౌన్సిల్ ఆ తరహా ప్రయోగాలను మూడు నెలలు ఆపమని కోరింది. గడువును తర్వాత పొడిగించారు. ఈలోగా కౌన్సిల్ చేసిన పని నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. ఊరివాళ్లతో ఒక సమీక్షా సంఘాన్ని వేసింది. అధ్యక్షుడు ఇళ్లకు హీటింగ్ ఆయిల్ అమ్మే వ్యాపారి, మాజీ మేయర్. సభ్యుల్లో ఆసుపత్రిలో పనిచేసే క్రైస్తవ సన్యాసిని ఉన్నారు. ఒక వైద్యుడు, ఒక నిర్మాణ ఇంజినీరు, శాస్త్రవిధానాలను అధ్యయనం చేసే అధ్యాపకుడు షెల్డన్ క్రిమ్‌స్కీ ఉన్నారు. ఈ రకం ప్రయోగాలు చేసేవాళ్లు ఒక్కరూ లేరు. వీళ్లు నెలల తరబడి కూర్చుని బ్యాక్టీరియా గురించి, వాటిలోని ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల గురించి చదివారు. ల్యాబులకు వెళ్లి చూశారు. రెండు పక్షాల శాస్త్రవేత్తలను ఎదురెదురుగా నిలబెట్టి వాదనలు విన్నారు.

1977 జనవరిలో నివేదిక వచ్చింది. పరిశోధన చేసుకోవచ్చు, కానీ కేంద్ర ఆరోగ్య సంస్థల మార్గదర్శకాలకు తోడు ఊరు పెట్టే షరతులూ పాటించాలి, వాటిని చూసేందుకు నగరానికి సొంత జీవభద్రతా సంఘం ఉండాలి. ఫిబ్రవరిలో కౌన్సిల్ దాన్ని చట్టం చేసింది. ఈ పరిశోధన మీద అమెరికాలో ఒక నగరం చేసిన తొలి చట్టమది.

ఇక ఈ ఊరికి కంపెనీలేవీ రావని అప్పట్లో చాలామంది అనుకున్నారు. జరిగింది వేరు. 1981లో కౌన్సిల్ ఆ చట్టాన్ని వాణిజ్య సంస్థలకూ వర్తించేలా విస్తరించింది. మరుసటి ఏడాదే బయోజెన్ అనే బయోటెక్ కంపెనీ కెండాల్‌కు వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన వాల్టర్ గిల్బర్ట్, ఎంఐటీకి చెందిన ఫిలిప్ షార్ప్ తదితరులు 1978లో జెనీవాలో మొదలుపెట్టిన సంస్థ అది. పక్క ఊళ్లలో ఏ రోజు ఎవరు అభ్యంతరం చెబుతారో తెలియదు. కేంబ్రిడ్జ్‌లో మాత్రం నిబంధనలు కాగితం మీద ఉన్నాయి. ఏ అనుమతికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుసు. అన్నిటికన్నా ముఖ్యంగా, వీధిలో ఉన్నవాళ్లు ఆ చర్చ దాటి వచ్చారు. పెట్టుబడి పెట్టేవాడికి ఇంతకంటే ధైర్యం ఏముంటుంది?

ఒక్క చట్టమే కెండాల్‌ను నిర్మించిందని చెప్పడం సరికాదు. పక్కనే ఎంఐటీ ఉంది. ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణలపై విశ్వవిద్యాలయాలకే హక్కు దక్కేలా 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. చవగ్గా దొరికే ఖాళీ స్థలం ఉంది. అయితే విశ్వవిద్యాలయం, చట్టం, స్థలం అమెరికాలో ఎన్నో ఊళ్లకు ఉన్నాయి. ముందే ప్రజల ముందు కూర్చుని ప్రశ్నలు తేల్చుకున్న ఊరు మాత్రం అరుదు.

నాసా కోసం కూల్చిన పేట

ఆ స్థలం ఖాళీ ఎందుకయింది? అదీ చెప్పుకోవాలి. చార్లెస్ నది ఒడ్డున కెండాల్ పాతకాలపు కార్మిక పేట. బాయిలర్లు చేసే కర్మాగారం యజమాని ఎడ్వర్డ్ కెండాల్ పేరే ఆ చౌరస్తాకు వచ్చింది. సబ్బులు, రబ్బరు గొట్టాలు, చాక్లెట్లు ఇక్కడ తయారయ్యేవి. బోస్టన్‌లో పుట్టిన ఎంఐటీ 1916లో నది దాటి ఈ ఫ్యాక్టరీల పక్కకు వచ్చి చేరింది. అప్పటికే 1912లో బోస్టన్ నుంచి భూగర్భ రైలు కూడా వచ్చేసింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. లీవర్ బ్రదర్స్ సబ్బుల కర్మాగారం 1959లో ఆగిపోతే ఆ స్థలంలో ఎంఐటీ, ఒక నిర్మాణ సంస్థ కలిసి టెక్నాలజీ స్క్వేర్ కట్టాయి. ఆ తర్వాత పెద్ద ఆశ వచ్చింది. నాసా తన ఎలక్ట్రానిక్స్ పరిశోధన కేంద్రాన్ని కెండాల్‌లో పెడతానంది. నగరం దాదాపు 29 ఎకరాలు ఆ కేంద్రం కోసం కేటాయించింది. అక్కడి పాత కర్మాగారాలను, దుకాణాలను ఖాళీ చేయించి కూల్చేసింది. 1969 డిసెంబరులో నిక్సన్ ప్రభుత్వం కేంద్రాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. కట్టిన భవనాలు రవాణాశాఖకు వెళ్లాయి. మిగిలిన నేల ఏళ్ల తరబడి బీడుగా పడి ఉంది. ఉన్న ఉద్యోగాలు పోయాయి, వస్తాయన్నవి రాలేదు.

ఈ ఘట్టం మన పాలకులంతా చదవాలని నా కోరిక. ఒక పెద్ద సంస్థ వస్తుందన్న ఒకే ఒక్క మాట మీద ఊరిని ఖాళీ చేయించడం కెండాల్ మొదటి ప్రయత్నం. అది విఫలమైంది. రెండో ప్రయత్నంలో పేరున్న సంస్థ లేదు, పెద్ద ప్రకటన లేదు. నిబంధనలు ఉన్నాయి, మిగిలిపోయిన పాత భవనాలు ఉన్నాయి.

ఆ పాత భవనాల్లో ఒకదాని చరిత్ర వినండి. మెయిన్ స్ట్రీట్‌లో 700 నంబరు ఇటుక భవనం. మొదట అందులో రైలు పెట్టెలు చేసేవారు. 1876 అక్టోబరు 9న అలెగ్జాండర్ గ్రాహం బెల్ బోస్టన్ నుంచి, సహాయకుడు వాట్సన్ ఇక్కడి వాల్వర్త్ కంపెనీ నుంచి తీగ మీద మాట్లాడుకున్నారు. రెండు ఊళ్ల మధ్య ఇరువైపులా సాగిన తొలి టెలిఫోన్ సంభాషణ అదే. తర్వాత పోలరాయిడ్ కెమెరాను సృష్టించిన ఎడ్విన్ ల్యాండ్ ఇందులోనే ప్రయోగాలు చేశారు. 2013 నుంచి ల్యాబ్‌సెంట్రల్ అనే ఉమ్మడి ప్రయోగశాల నడుస్తోంది. ఒక ఆలోచన, ఇద్దరు ముగ్గురు మనుషులు తప్ప ఏమీ లేని స్టార్టప్ ఇక్కడ ఒక్క ల్యాబ్ బల్ల అద్దెకు తీసుకోవచ్చు. ఖరీదైన యంత్రాలు అందరికీ కలిపి ఉంటాయి. కూల్చేసి ఉంటే ఈ భవనం ఎవరికీ పనికొచ్చేది కాదు.

సుబ్బారావు దాటిన దూరం

విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ మధ్య దూరం తగ్గడమంటే ఏమిటో మన తెలుగువాడి జీవితమే చెబుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో కెండాల్ అవతలి ఒడ్డున, బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలకు చేరారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీపై తొలి పరిశోధనల్లో భాగమయ్యారు. అయినా హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు, ఆ తర్వాత క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్... ఈ పనులన్నీ ఆ కంపెనీలో ఆయన బృందం చేసినవే. ఆ బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను 1947-48లో పిల్లల రక్తక్యాన్సర్‌కు ప్రయోగించి చూసిన వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పనిచేసిందేమో బోస్టన్‌లో!

మందు తయారైంది ఒక రాష్ట్రంలో, రోగులున్నది మరో రాష్ట్రంలో, ఆ శాస్త్రవేత్తను నిలుపుకోలేకపోయిన వైద్య కళాశాల ఉన్నది ఆ రోగుల ఊరిలోనే. నాలుగు దశాబ్దాల తర్వాత కెండాల్ సాధించింది ఈ దూరాన్ని వీధి దాటేంతకు తగ్గించడం. ప్రొఫెసర్ తన పదవి వదలకుండానే కంపెనీ పెట్టవచ్చు, పొద్దున పాఠం చెప్పి మధ్యాహ్నం ఆ కంపెనీకి నడిచి వెళ్లవచ్చు. జీవవైద్య పరిశోధన చేసే వైట్‌హెడ్ సంస్థ 1980ల తొలినాళ్లలో, బ్రాడ్ సంస్థ 2004లో, 2011లో క్యాన్సర్ జీవశాస్త్రజ్ఞులనూ ఇంజినీర్లనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టిన కోక్ సంస్థ కూతవేటు దూరంలో వెలిశాయి. నోవార్టిస్ 2002లో తన ప్రపంచ పరిశోధన కేంద్రాన్ని ఇక్కడికి మార్చుకుంటున్నట్టు ప్రకటించింది, ఒక పాత మిఠాయి ఫ్యాక్టరీని ల్యాబుగా మార్చుకుంది. 2010లో మొదలైన మోడర్నా ఈ పేటదే. 2020 జనవరిలో చైనా నుంచి కరోనా జన్యుక్రమం బయటికి రాగానే రోజుల్లో టీకా నమూనా గీసింది, మార్చి 16న తొలి వ్యక్తికి సూది పడింది.

లెక్క అడిగిన నగరం

ఇంతవరకూ విశ్వవిద్యాలయం, కంపెనీల కథ. కెండాల్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం 1976 తర్వాత కూడా నగరం అడుగుతూనే ఉండటం అసలు కథ అనిపిస్తుంది.

కార్ల సంగతే తీసుకుందాం. వేలమంది ఉద్యోగులు వస్తే రోడ్లు నిండిపోవాలి. 1998లో కేంబ్రిడ్జ్ ఒక నిబంధన తెచ్చింది. పార్కింగ్ కొత్తగా కట్టే సంస్థ తన ఉద్యోగుల్లో ఎంతమందిని కార్లలో రాకుండా ఆపగలదో ముందే మాటివ్వాలి. ఏటా సర్వే చేసి నగరానికి చూపాలి. దాంతో కంపెనీలు పార్కింగ్‌కు డబ్బు వసూలు చేయడం, రైలు పాసులు ఇవ్వడం, సైకిళ్లకు చోటు పెట్టడం మొదలుపెట్టాయి. 2012 నాటికి పదేళ్లలో కెండాల్ కట్టడాల విస్తీర్ణం 40 శాతం దాకా పెరిగినా కార్ల రద్దీ తగ్గింది. మాదాపూర్, గచ్చిబౌలి సిగ్నళ్ల దగ్గర రోజూ జీవితాన్ని పోగొట్టుకునేవాళ్లు ఈ వాక్యాన్ని రెండోసారి చదువుకోవచ్చు.

పన్నుల విషయంలోనూ అంతే. తరగతి గదులకు పన్ను లేదు. కానీ కంపెనీలకు అద్దెకిచ్చిన భవనాలకు ఉంది. అందుకే ఆ నగరంలో అందరికన్నా ఎక్కువ ఆస్తిపన్ను కట్టేది ఎంఐటీ. 1,18,000 మంది జనాభా ఉన్న ఊరు ఆ డబ్బుతో బడులు, గ్రంథాలయాలు నడుపుకుంటుంది.

అయినా దెబ్బ తగలకూడని చోట తగిలింది. కెండాల్‌ను ఆనుకునే పోర్ట్ అనే పాత పేట ఉంది. నల్లజాతివాళ్లు, వలస కుటుంబాలు, తక్కువ ఆదాయంవాళ్లు ఎక్కువ. 1994లో రాష్ట్రవ్యాప్త ఓటింగుతో అద్దె నియంత్రణ రద్దయింది. కేంబ్రిడ్జ్ ఓటర్లు దాన్ని ఉంచాలన్నారు, రాష్ట్రం వద్దంది. ఆ తర్వాత అద్దెలు ఎగబాకాయి. ప్రపంచంలోనే పేరొందిన ల్యాబుల పక్కన పుట్టి పెరిగిన పిల్లలు ఆ గాజు తలుపుల లోపల ఏముందో తెలియకుండా ఊరు వదిలిపోయారు. కెండాల్ మధ్యలోనైతే సాయంత్రం ఏడు దాటితే మనిషి కనిపించేవాడు కాదు. సరుకులు కొనుక్కునే సూపర్‌మార్కెట్ 2019 దాకా రాలేదు. ఊరు మొత్తం ఆఫీసుగా మారితే అంతే.

ఈ తప్పును నగరం ఆలస్యంగానైనా గుర్తించింది. కొత్తగా పెద్ద కట్టడాలు లేపేవాళ్లు ఇళ్లు కూడా కట్టాలి, వాటిలో ఐదోవంతు మామూలు ఆదాయంవాళ్లకు అందే ధరలో ఉండాలి. కొంత స్థలం చిన్న స్టార్టప్‌లకు కేటాయించాలి. నాసా వదిలేసిన ఆ నేలలో రవాణాశాఖ కేంద్రం ఉన్న 14 ఎకరాల పునర్నిర్మాణానికి 2017లో ఎంఐటీ 75 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. నగరంతో కుదిరిన షరతుల ప్రకారం అక్కడ దాదాపు 1400 ఇళ్లు రావాలి, 280 అందుబాటు ధరలో ఉండాలి. జస్ట్-ఎ-స్టార్ట్ అనే స్థానిక సంస్థ 1990ల నుంచి ఊరివాళ్లకు బయోటెక్ ల్యాబ్ పనుల్లో ఉచిత శిక్షణ ఇస్తోంది. పోయినవాళ్లను ఇవేవీ వెనక్కి తేలేవు. అద్దె నియంత్రణ పోయిన రోజే ఈ షరతులు పెట్టి ఉంటే పోర్ట్ వీధుల్లో మరికొన్ని పాత కుటుంబాలు మిగిలేవన్నది నా గట్టి నమ్మకం.

నీలిరంగు మెట్రో రెండు కొసలు

ఇప్పుడు మన సంగతి. హైదరాబాద్‌కు ఈ కలయిక కొత్త కాదు. 1998లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2015 నవంబరులో దాని ప్రాంగణంలోనే స్టార్టప్‌లకు ఊతమిచ్చే టీ-హబ్ మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వం, ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్ కలిసి పెట్టిన సంస్థ. 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనానికి మారింది. అంతకుముందే 1990ల్లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాకు ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఆసరా అయింది. 1997లో మార్కెట్లోకి వచ్చిన ఆ టీకా దిగుమతి టీకా ధరను నేలకు దించింది. శాస్త్రం, వ్యాపారం ఒకే ఊళ్లో చేయి కలిపితే పేదవాడి బిడ్డకు ఏం దక్కుతుందో చూపిన గొప్ప పని అది.

మరి మూడో పాత్ర ఎక్కడ? టీ-హబ్ స్థాపకుల జాబితా మళ్లీ చూడండి. అందులో ప్రభుత్వం ఉంది, నగరపాలిక లేదు. మన దగ్గర ఇలాంటి పనుల్లో ప్రభుత్వమంటే సచివాలయమే. పారిశ్రామిక వాడల్లో భవన అనుమతులు, ఆస్తిపన్ను వసూళ్లు కూడా చాలాచోట్ల పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థ చేతిలో ఉంటాయి. నగరపాలికకు వాటా డబ్బు వస్తుంది, మాట చెల్లదు. ఆ డివిజన్ కార్పొరేటర్‌ను జనం నీళ్లు రాలేదని నిలదీస్తారు, ఆ నీళ్లు వాడుకునే కొత్త టవర్ గురించి ఆయనను ఎవరూ అడగరు. వేగంగా అనుమతులివ్వడానికి ఇది పనికొచ్చింది, ఒప్పుకుంటాను. ట్రాఫిక్, చెరువులు, అద్దెలు ఎవరి బాధ్యతో తెలియకుండా పోవడానికీ ఇదే కారణం.

ప్రజల ముందు శాస్త్రాన్ని చర్చించడం మనకు చేతకాదని ఎవరైనా అంటే నమ్మకండి. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయ మీద 2010లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టారు. వాటిలో హైదరాబాద్ ఒకటి. రైతులు, శాస్త్రవేత్తలు, కంపెనీలవాళ్లు ఒకే హాల్లో వాదించుకున్నారు. సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పుష్పమిత్ర భార్గవ అయితే జన్యుమార్పిడి పంటలకు గట్టి భద్రతా పరీక్షలుండాలని ఏళ్ల తరబడి పోరాడారు. చర్చకు మనుషులున్నారు. దాన్ని ఏర్పాటు చేయాల్సిన నగర కౌన్సిల్‌కే అలవాటు లేదు.

కెండాల్ లాంటి పేట మన దగ్గర ఎక్కడ రావాలని అడిగితే నేను గచ్చిబౌలి పేరు చెప్పను. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు ఒకసారి నడవండి. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఒకే దారిలో వరసగా ఉంటాయి. సీసీఎంబీలో స్టార్టప్‌లకు ఇంక్యుబేషన్ కేంద్రం నడుస్తోంది. వెనకాలే నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు. 2017 నుంచి మెట్రో ఉంది. తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ మూడూ ఆ లైన్లో వరస స్టేషన్లు. అదే నీలిరంగు లైన్లో చివరిదాకా వెళితే రాయదుర్గం, అక్కడ టీ-హబ్. ల్యాబులు ఒక కొసన, పెట్టుబడి ఇంకో కొసన. జీవశాస్త్ర కంపెనీలకేమో ముప్ఫై కిలోమీటర్లకు పైగా అవతల తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ చూపించాం. అక్కడ తయారైన టీకాలు ప్రపంచానికి వెళ్లాయి, ఆ విజయాన్ని తగ్గించను. కానీ పీహెచ్‌డీ విద్యార్థి భోజన విరామంలో నడిచి వెళ్లి రాగల దూరం కాదది.

తార్నాక దారికి కావలసినవి చాలావరకు ఉన్నాయి. కానీ గేట్ల లోపల ఎవరి లోకం వారిది. ఒక సంస్థ పరిశోధకుడు పక్క సంస్థకు వెళ్లాలంటే కాపలాదారు దగ్గర పేరు రాసి లేఖ చూపాలి. రోడ్డు దాటడానికి సరైన కాలిబాట లేదు. వీధి వైపు తెరుచుకునే ఉమ్మడి ల్యాబ్, చవక గదులు, క్యాంటీన్, రాత్రి దాకా తెరిచి ఉండే గ్రంథాలయం... వీటిలో సగం నగరపాలిక తలచుకుంటే అయ్యే పనులే.

నగరం మధ్యలో మిగిలిన పాత పారిశ్రామిక వాడల భూములను వేరే వాడకానికి మార్చాలన్న చర్చ హైదరాబాద్‌లో నడుస్తోంది. నాచారం, మల్లాపూర్ లాంటి చోట్ల ఆ మార్పు జరిగితే ముందు ఏం అడగాలి? పాత షెడ్లలో కొన్నింటిని చిన్న ల్యాబులకు చవక అద్దెకు ఉంచడం, కట్టే ఇళ్లలో ఐదోవంతు అక్కడి కార్మిక కుటుంబాలకు అందే ధరలో పెట్టడం, కంపెనీలు ఏటా రాకపోకల లెక్క చూపడం, ఉస్మానియా చుట్టుపక్కల బస్తీల పిల్లలకు ల్యాబ్ పనుల్లో శిక్షణ ఇవ్వడం. ఈ షరతులు డివిజన్ సభల్లో చదివి, జనం అభ్యంతరాలు విని, కౌన్సిల్ తీర్మానంగా రావాలి. అదీ భూమి వాడకం మార్చే ఉత్తర్వు మీద సంతకం పడకముందే. కేంబ్రిడ్జ్ ఆ 280 ఇళ్లను ఎంఐటీ చేత ఒప్పించగలిగింది అనుమతి ఇంకా తన చేతిలో ఉన్నప్పుడే.